విచారించేదీ నేనే, హాజరయ్యేదీ నేనే

న్యాయశాస్త్రానికి ఫిలిప్పీన్స్ సెనేటర్ రొనాల్డ్ డెలా రోసాగారు చేసిన సేవను ప్రపంచం సరిగ్గా గుర్తించలేదు. 2024 అక్టోబర్‌లో ఆయన ఓ ప్రతిపాదన పెట్టారు. 2016లో అధ్యక్షుడైన డ్యుటెర్టే డ్రగ్స్‌పై యుద్ధం పేరుతో నడిపిన పోలీసు దాడుల్లో జరిగిన చావులను దిగువసభ కమిటీ తవ్వుతోంది కాబట్టి, సెనేట్ తరఫున మేమూ విచారణ జరుపుతాం, నా కమిటీయే జరుపుతుంది అన్నారు. ఆయన కమిటీ పేరు ప్రజాభద్రత, ప్రమాదకర మాదకద్రవ్యాల కమిటీ. ఛైర్మన్ ఆయనే. మరి ఆ యుద్ధం మొదలైనప్పుడు దేశం మొత్తానికి పోలీసు బాస్ ఎవరు? 2016 జులై నుంచి 2018 ఏప్రిల్ దాకా, అదీ ఆయనే.

ప్రజాధనం ఎంత మిగులుతుందో చూడండి. సమన్లు పంపక్కర్లేదు. సాక్షికి దారి ఖర్చులు ఇవ్వక్కర్లేదు. పరారీ అయ్యాడేమోనని వెతకక్కర్లేదు, ఛైర్మన్ ఉన్నచోటే సాక్షీ ఉంటాడు.

ఆ విచారణ ఎలా సాగేదో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఛైర్మన్ డెలా రోసా సుత్తి కొట్టి, "జనరల్ డెలా రోసాను పిలవండి" అంటారు. ఎవరూ కదలరు. ఆయనే లేచి, కోటు సర్దుకుని, మెట్లు దిగి సాక్షి కుర్చీలో కూర్చుంటారు. ప్రమాణం చేయించాలి కాబట్టి మళ్లీ పైకి. చేయాలి కాబట్టి మళ్లీ కిందకి. ఈ ఎక్కడం దిగడంతోనే మొదటి అరగంట గడిచిపోతుంది.

"జనరల్‌గారూ, మీ హయాంలో ఇంతమంది ఎలా చనిపోయారు?"

"ఎదురుతిరిగారు సార్."

"అందరూనా?"

"అందరూ సార్."

"దీని మీద పై అధికారికి రిపోర్టు ఇచ్చారా?"

"పై అధికారిని నేనే సార్."

"మరి మీరు చదివారా?"

"సంతకం కూడా పెట్టాను సార్."

భోజన విరామంలో విలేకరులు మైకులు పెడతారు. సాక్షి సహకరిస్తున్నాడా అని అడిగితే ఛైర్మన్ నిండుగా నవ్వి, "చాలా మంచివాడండీ, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు" అంటారు. మధ్యాహ్నం సాక్షి ఏడుస్తాడు. ఛైర్మన్ జేబులోంచి కర్చీఫ్ తీసి ఇస్తారు. ఏడుపు మాత్రం నా కల్పన కాదు. 2016 నవంబర్‌లో అదే సెనేట్‌లో జరిగిన ఓ విచారణలో, కెమెరాల ముందు, యూనిఫాంలో ఆయన నిజంగానే కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఇంత చక్కటి ఏర్పాటును తోటి సెనేటర్లు పాడుచేశారు. విచారణను పిమెంటెల్ అనే మరో సెనేటర్ చేతిలోని ఉపకమిటీకి ఇచ్చారు. అక్టోబర్ 28న మాజీ అధ్యక్షుడు డ్యుటెర్టే వచ్చి, మేయర్‌గా ఉన్నప్పుడు తనకో డెత్ స్క్వాడ్ ఉండేదని ప్రమాణం చేసి మరీ చెప్పారు. డెలా రోసాగారు సెనేటర్ల వరసలో కూర్చుని విన్నారు. కనీసం కుర్చీ మారమని కూడా ఎవరూ అడగలేదు.

ఈయన్ని అక్కడ అందరూ 'బాటో' అంటారు, రాయి అని. దవావో నగరంలో పోలీసు అధికారిగా చేశారు. ఆ ఊరి మేయర్ డ్యుటెర్టే అధ్యక్షుడు కాగానే సీనియర్లను దాటించి నెత్తికెక్కించుకున్నారు. గుండుతో, యూనిఫాంతో ఆయన రూపంలో బొమ్మ వేషాలు కూడా తయారయ్యాయి, పిల్లలు పక్కన నిలబడి ఫోటోలు దిగడానికి. కాగితం మీద డ్రగ్స్ యుద్ధం పథకం ఎంతో మర్యాదైనది. డ్రగ్స్ అనుమానితుల లిస్టులో పేరున్నవాళ్ల ఇంటి తలుపు తట్టి, బాబూ ఈ అలవాటు మానుకో, లొంగిపో అని పోలీసులు బతిమాలాలి. అంతే.

2016 అక్టోబర్‌లో ఒక దక్షిణ కొరియా వ్యాపారిని పోలీసులే ఎత్తుకెళ్లి చంపారు. ఎక్కడ? జాతీయ పోలీసు ప్రధాన కార్యాలయం ఉన్న క్యాంప్ క్రేమ్ ప్రాంగణం లోపలే. బాస్‌గారికి నెలల తర్వాత గానీ తెలియలేదట. సిగ్గుతో కరిగిపోవాలని ఉందన్నారు. రాజీనామా ఇస్తానంటే డ్యుటెర్టే వద్దన్నారు. కరిగిపోవడం కూడా జరగలేదు.

2017 ఆగస్టు 16 రాత్రి కలోకాన్‌లో 17 ఏళ్ల బడి పిల్లాణ్ణి పోలీసులు చంపారు. తుపాకీ తీసి కాల్చబోయాడన్నారు. శవం ఎడమ చేతిలో తుపాకీ ఉంది. పిల్లాడిది కుడిచేతివాటమని ఇంట్లోవాళ్లు చెప్పారు. సీసీ కెమెరాలో చూస్తే ఇద్దరు ఒకణ్ణి రెక్కలు పట్టుకుని సందులోకి ఈడ్చుకెళ్తున్నారు. వదిలేయండి, రేపు నాకు పరీక్ష ఉంది అని బతిమాలాడని చూసినవాళ్లు చెప్పారు. 2018 నవంబర్‌లో ముగ్గురు పోలీసులకు హత్య కేసులో శిక్ష పడింది. ముగ్గురికి. చిన్న ఉద్యోగులకి. ఈ తుపాకుల వెనక ఉన్న లిస్టు ఎవరిది, వీటికి చప్పట్లు కొట్టిందెవరు, ప్రమోషన్లు ఇచ్చిందెవరు? ఆ పిల్లాడి కేసులో కెమెరా ఉంది కాబట్టి బయటపడింది. కెమెరా లేని సందుల సంగతి ఎవడు చెప్తాడు?

ఆ తీర్పు వచ్చిన ఆరు నెలలకే బాస్‌గారు దాదాపు 1.9 కోట్ల ఓట్లతో సెనేటర్ అయ్యారు. ఎన్నికలకు ముందు ఆయన జీవితకథ సినిమాగా కూడా వచ్చింది. అందులో ఆయన వేషం వేసిన హీరో 2022లో అందరికన్నా ఎక్కువ ఓట్లతో సెనేట్‌కు వెళ్లాడు. తెలుగువాళ్లం, ఇందులో మనకు ఆశ్చర్యపోవాల్సిందేం లేదు.

సెనేటర్‌గా కుర్చీ ఇంకా వేడెక్కక ముందే, రిజాల్ ప్రావిన్స్‌లో పోలీసు దాడిలో మూడేళ్ల పాప చనిపోయింది. సెనేటర్‌గారి స్పందన: "షిట్ హ్యాపెన్స్." గోల అయ్యాక మాట మార్చుకున్నారు. మూడేళ్ల పాపండీ. చనిపోయింది మూడేళ్ల పాప, ఈయనకు దిద్దుకోవాల్సింది పదప్రయోగమా?

2020 జనవరిలో అమెరికా ఆయన వీసా రద్దు చేసింది. వీసా కష్టం మనకు చెప్పక్కర్లేదు. మనవాళ్లైతే చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి, వస్తే 108 అని మొక్కుకుంటారు. ఈయన పక్కన దేవుడికన్నా త్వరగా పలికే డ్యుటెర్టే ఉన్నారు. నెలలో వీసా సంగతి తేల్చకపోతే అమెరికా సైనికులు తమ దేశానికి వచ్చిపోయే ఒప్పందమే రద్దు చేస్తానని బెదిరించి, ఫిబ్రవరి 11న ఆ నోటీసు పంపారు. 2021 జులైలో వెనక్కి తీసుకున్నారు. ఒక మనిషి వీసా కోసం దేశ రక్షణనే పందెం కాసిన సందర్భం ఇంకోటుంటే చెప్పండి.

ఫిలిప్పీన్స్ జనాన్ని చూసి నవ్వేముందు మనవైపూ చూసుకోవాలి. 2019 డిసెంబర్‌లో చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే, మనం పోలీసుల మీద పూలు చల్లాం. కావాలనే చంపేలా కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. పూలు మాత్రం ఎవరూ ఏరుకోలేదు.

2025 మార్చి 11న ఆ చావుల కేసులో డ్యుటెర్టేను అరెస్టు చేసి హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు తీసుకెళ్లారు. రెండు నెలలకే డెలా రోసాగారు మళ్లీ గెలిచారు, ఈసారి 2 కోట్లకు పైగా ఓట్లతో మూడో స్థానం. నవంబర్‌లో ఆయన మీదా ఆ కోర్టు వారెంట్ ఉందని ఓంబుడ్స్‌మన్ ప్రకటించారు. ఆ వెంటనే సెనేటర్‌గారు సభకు రావడం మానేశారు. తనను పట్టి పంపకుండా ఆపాలని, చట్టప్రకారం జరగాల్సింది జరగాలని లాయర్ల ద్వారా సుప్రీంకోర్టును అడిగారు. అడగొచ్చు, ఆయన హక్కు అది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఆ యుద్ధంలో పోలీసుల చేతుల్లో పోయినవాళ్లు 6,200 మందికి పైగా ఉన్నారు. వాళ్లెవరికీ పిటిషన్ రాయించుకునే టైమ్ ఇవ్వలేదు.