హైదరాబాద్ నుంచి డాలస్‌కి అసలు ఎన్ని గంటలు?

డాలస్‌లో ఉన్న కూతురి కాన్పుకి బయల్దేరుతూ మా పిన్ని పదిసార్లు అడిగింది, "ఎన్ని గంటలు పడుతుందిరా?" అని. నెట్‌లో కొడితే దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు, ప్రయాణం 16 గంటలు అని వచ్చింది. అది గ్లోబు మీద దారం లాగి, గంటకు 900 కిలోమీటర్లతో భాగించిన లెక్క. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పున, డాలస్ 97 డిగ్రీల పడమర ఉన్నాయి కాబట్టి ఆ దారం ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. ఆ దారిలో మనకు నేరుగా విమానమే లేదు.

తమాషా ఏంటంటే, దుబాయ్ మీదుగా తిరిగి వెళ్లినా పెరిగేది వెయ్యి కిలోమీటర్లే, అంటే గంట పైచిలుకు. మిగతా టైమంతా నేల మీదే పోతుంది. గుంటూరు నుంచి శంషాబాద్‌కి కారులో ఐదు గంటలు, అక్కడ మూడు గంటలు ముందే ఉండాలి, దుబాయ్‌కి నాలుగు, అక్కడ కూర్చోడానికి నాలుగున్నర, డాలస్‌కి ఇంకో పదహారు, దిగాక ఇమిగ్రేషన్ లైను సరేసరి. గడప దాటినప్పటి నుంచి లెక్కేస్తే 34 గంటలు. టికెట్ మీద డాలస్‌లో దిగే టైములోంచి హైదరాబాద్‌లో ఎక్కే టైము తీసేసి చూసుకుని "పద్నాలుగేగా!" అని పిన్ని మొహం వెలిగిపోయింది. ఎండాకాలంలో ఆ రెండు ఊళ్ల గడియారాలకీ పదిన్నర గంటల తేడా ఉంటుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పోనీ గాల్లో టైమైనా ఒకేలా ఉంటుందా అంటే అదీ లేదు. పైన పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ వల్ల తిరుగు ప్రయాణం త్వరగా అయిపోతుంది. దానికి తోడు రాజకీయాలు: 2022 నుంచి అమెరికా విమానాలు రష్యా మీదుగా ఎగరలేవు, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు గగనతలం మూసేస్తే ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లేవి కొన్ని వియన్నాలో ఆగాల్సొచ్చింది. మ్యాపులో దూరం మాత్రం అంగుళం మారలేదు.

నాన్‌స్టాప్ కావాలని మనవాళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో మొదలుపెట్టింది, ఎక్కువ కాలం నడవలేదు. పదహారు, పదిహేడు గంటలకు సరిపడా ఇంధనం మోయడానికే బోలెడు ఇంధనం కాలుతుంది, ఆ బరువుకి సీట్లనో కార్గోనో తగ్గించుకోవాలి, కాబట్టి కంపెనీలు వెనకాడటంలో వింతేం లేదు. అయినా నేను నాన్‌స్టాప్ వైపే. మిగిలే వెయ్యి కిలోమీటర్ల కోసం కాదు, ఇంగ్లీషు రాని పెద్దావిడకి అర్ధరాత్రి రెండో గేటు వెతుక్కునే టెన్షన్ ఉండదని.

చివరికి పిన్నికిచ్చిన చీటీలో నేను గంటలు రాయలేదు. "మొదటి విమానంలో ఒకసారి తిండి పెడతారు, దిగాలి. వీల్‌చైర్ అబ్బాయిని వదలకు. రెండో దాంట్లో రెండోసారి తిండి పెట్టాక చెప్పులు వేసుకో" అని రాసిచ్చా.