మహారాజశ్రీ స్ప్రెడ్‌షీట్ గారికి

తిరుపతి నుంచి ఒక బయోఇన్ఫర్మాటిక్స్ (జన్యువుల డేటాను కంప్యూటర్లో విశ్లేషించే చదువు) విద్యార్థి నమస్కరించి రాయునది. తమరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు. నిన్న మధ్యాహ్నం మాత్రం తమ దయవల్ల నాకు గోవిందా.

పెద్దపేగు క్యాన్సర్ డేటా అది. జాబితాలో సెప్ట్9 జన్యువు ఉండి తీరాలి. ఆ జబ్బును రక్తపరీక్షలో పసిగట్టడానికి వెతికే గుర్తుల్లో అదొకటి. ఎంత వెతికినా లేదు. దాని గడిలో సెప్టెంబరు 9 కూర్చుని ఉంది!

తేదీ ఎవరడిగారు సామీ? మా ల్యాబ్ గోడకి దేవస్థానం క్యాలెండర్ ఉంది, తిథి వార నక్షత్రాలతో సహా. పోనీలే అని ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే, 45 వేలు దాటిన ఏదో అంకె చూపించారు. మార్చ్1 అనే జన్యువు వేరు, మార్క్1 అనే జన్యువు వేరు. తమరికి రెండూ మార్చి 1వ తేదీయే. సేవ్ అయ్యాక ఏది ఏదో బ్రహ్మ కూడా చెప్పలేడు. మార్చే ముందు ఒక్క మాట అడిగావా?

2004లోనే నీ మీద పేపర్ రాసి మొత్తుకున్నారు. 2016లో లెక్క తీస్తే, జన్యువుల జాబితాలు నీలో పెట్టి జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదింట ఒకదాంట్లో ఇదే గోల. నువ్వు కదల్లేదు. చివరికి 2020లో, మనిషి జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీయే దిగొచ్చి సెప్ట్9ని సెప్టిన్9 చేసింది, మార్చ్1ని మార్చ్‌ఎఫ్1 చేసింది. బడిలో గుమాస్తా తప్పు రాస్తున్నాడని పిల్లాడికే పేరు మార్చినట్టు! ఈ మార్పిడిని ఆపుకునే వీలు నీలో 2023లో గానీ రాలేదు, అదీ సెట్టింగ్స్‌లో ఎక్కడో. పాత డేటాలో పాత పేర్లే ఉంటాయి కాబట్టి మాకు రెండూ బట్టీ.

నువ్వొక్కడివే శత్రువు కాదులే. జన్యువు ఎక్కడుందో రాసుకునే ఫైళ్లలో బెడ్ అనే రకం సున్నా నుంచి లెక్కపెడుతుంది, జీఎఫ్‌ఎఫ్ అనే రకం ఒకటి నుంచి. ఒకరు వాడే మనిషి జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) నమూనా 37వ వెర్షన్, ఇంకొకరిది 38. అయినా వాటి రూల్సు రాసిపెట్టి ఉంటాయి, చదువుకుంటే సరి. సాయం పేరుతో కొంప ముంచేది నువ్వే.

సారేమో సవరించిన లిస్టు మళ్లీ నీలోనే పంపమన్నారు. ఎవరి కంప్యూటర్లోనైనా తెరుచుకునేది నువ్వేనట. నిజమే, ఏం చేస్తాం. ఈసారి జన్యువుల కాలమ్ టెక్స్ట్ అని ముందే చెప్పి తెరుస్తున్నా. చేతులు కట్టుకుని కూర్చో.