సగం వాక్యం దగ్గర ఆగిపోయిన ఫాస్టస్

పదహారో శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత క్రిస్టఫర్ మార్లో నాటకం ‘డాక్టర్ ఫాస్టస్’ మీద మన ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థి నోట రెండే జవాబులు వినిపిస్తాయి. హద్దు మీరి జ్ఞానం కోరాడు, నరకానికి పోయాడు అన్నది ఒకటి. మతం కట్టిన కంచె దాటబోయిన వీరుడు అన్నది రెండోది. పేరున్న విమర్శకులూ చాలాకాలం ఈ రెండు గట్ల మీద నిలబడే పోట్లాడుకున్నారు. నాకైతే రెండూ నచ్చవు.

మొదటి సీన్ చూడండి. విటెన్‌బర్గ్‌లో తన గదిలో కూర్చుని ఫాస్టస్ తర్కం, వైద్యం, న్యాయశాస్త్రం ఒక్కొక్కటే పక్కన పడేస్తాడు. చివరికి బైబిల్ తెరుస్తాడు. ‘పాపం వల్ల వచ్చు జీతం మరణం’ అని చదివి, ఇంకేముంది అంటాడు. అదే వచనంలో ‘అయితే దేవుని కృపావరం నిత్యజీవం’ అని ఉంది. అక్కడిదాకా కన్ను పోలేదు. అదే బైబిల్లో యోహాను రాసిన లేఖ దగ్గరా అంతే. మనలో పాపం లేదంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టు అన్నంతవరకు చదివాడు, ఒప్పుకుంటే క్షమాపణ ఉందన్న తర్వాతి వచనం వదిలేశాడు. ఇంత పెద్ద డాక్టరు సగం వాక్యంతో బతుకు తేల్చేసుకున్నాడు!

దయ్యానికి ఆత్మ రాసిచ్చి కొనుక్కున్న 24 ఏళ్లలో ఏం నేర్చాడు? గ్రహాల గురించి మెఫిస్టాఫిలిస్ అనే ఆ దయ్యం చెప్పినవన్నీ పాత పాఠాలే. ఇవి నా పనివాడు వాగ్నర్ కూడా చెబుతాడని తనే విసుక్కుంటాడు. లోకాన్ని ఎవరు చేశారంటే దయ్యం చెప్పనంటుంది. కాసేపు ఊగిసలాడి, ఏడు పాపాల వేషాలు చూపించగానే మురిసిపోతాడు. ఇక ఆపై పోప్ కంచం లాక్కోవడం, గర్భిణి డచెస్‌కు జనవరిలో ద్రాక్షపళ్లు తెప్పించడం, నీళ్లలో దిగితే గడ్డిమోపైపోయే గుర్రాన్ని బేరగాడికి అంటగట్టడం. ఇది జ్ఞానదాహమా?

ఆ సీన్లన్నీ మార్లోవి కావంటారు కొందరు. నిజమే కావచ్చు. 1602లో ఈ నాటకానికి చేర్పులు రాసినందుకు ఇద్దరికి డబ్బిచ్చినట్టు నాటకశాల యజమాని హెన్స్‌లో పద్దుల్లో ఉంది. 1604, 1616లో అచ్చయిన ప్రతులకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. కానీ ఆ సగం వచనం రెండింటిలోనూ ఉంది.

చదువుకీ పట్టాకీ ఉన్న దూరం మార్లోకి తెలుసు. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టి స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జ్ చేరాడు. 1587లో అతనికి ఎం.ఏ. ఇవ్వడానికి యూనివర్సిటీ వెనకాడితే రాణి మంత్రిమండలే ఉత్తరం రాయాల్సి వచ్చింది. మన దగ్గర ఆ ఇబ్బంది లేదు, పట్టాకి గైడ్ చాలు. ఈమధ్య అలాంటిదొకటి తిరగేశాను. ‘పాపం వల్ల వచ్చు జీతం మరణం’ అన్న కొటేషన్ లావు అక్షరాల్లో వేసి, ‘చాలా ముఖ్యం’ అని పక్కన చుక్క పెట్టారు. మిగతా సగం అందులోనూ లేదు.