కార్బన్ అయాన్ దారిలో శక్తి వదలదన్న మాట నిజం కాదు

"కార్బన్ అయాన్ కిరణం మంచి కణజాలాన్ని ముట్టకుండా లోపలికెళ్లి శక్తినంతా కణితిలోనే కుమ్మరిస్తుంది, ఆపై ఏమీ ఉండదు, అయాన్ ఎంత బరువైతే అంత మేలు." క్యాన్సర్ చికిత్స గురించి తెగ షేర్ అవుతున్న మాట ఇది. కార్బన్ అయాన్ అంటే ఎలక్ట్రాన్లు తీసేసిన కార్బన్ పరమాణువు; వాటిని వేగంగా కణితి మీదికి పంపుతారు. చికిత్స మంచిదే, వర్ణనే తప్పు. రోగులు, వాళ్ల ఇంటివాళ్లు చదివేది కూడా ఇదే కాబట్టి ఊరుకోకూడదు.

1. "దారిలో ఏమీ వదలదు"

న్యూక్లియాన్‌కు (కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు) 290 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తితో బయల్దేరిన కార్బన్ అయాన్ నీటిలో సుమారు 16 సెంటీమీటర్లు వెళ్తుంది. ఇంకో సెంటీమీటరులో ఆగిపోతుందనగా దాని దగ్గర మిగిలేది న్యూక్లియాన్‌కు 60 ఎంఈవీ. అంటే దాదాపు 80 శాతం శక్తి అప్పటికే దారిలో పోయింది.

మరి బ్రాగ్ శిఖరం, అంటే దారి చివర మోతాదు ఒక్కసారిగా పెరిగే చోటు, ఎలా వస్తుంది? ఖర్చయ్యే రేటు పెరగడం వల్ల. లోపలికి అడుగుపెట్టేటప్పుడు అయాన్ మైక్రానుకు 13 కేఈవీ (వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు) వదులుతుంది. సెంటీమీటరు మిగిలినప్పుడు అది 39. చివరి 0.4 మిల్లీమీటర్ల దగ్గర, శక్తి న్యూక్లియాన్‌కు 10 ఎంఈవీకి పడిపోయినప్పుడు, 160 దాటుతుంది. నెమ్మదించిన అయాన్ ప్రతి ఎలక్ట్రాన్ పక్కనా ఎక్కువసేపు ఉంటుంది, దాన్ని ఎక్కువసేపు లాగుతుంది.

ఈ పెరుగుదల చివరిదాకా సాగదు. వేగం బాగా తగ్గాక అయాన్ చుట్టుపక్కల ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది: 10 ఎంఈవీ దగ్గర దాదాపు 6 ఉన్న ఆవేశం 1 ఎంఈవీకి సుమారు 5, 0.1 ఎంఈవీకి 2.5 అవుతుంది. శక్తి నష్టం ఆవేశం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అక్కడ శిఖరం కిందికి తిరుగుతుంది. అణు కేంద్రకాలకు తగిలి నెమ్మదించడం ప్రధానమయ్యేది ఆ తర్వాతే, దారి చిట్టచివర.

పైగా ఒకే శక్తి కిరణం ఇచ్చే శిఖరం వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. 6 సెంటీమీటర్ల కణితిని నింపాలంటే వేర్వేరు శక్తుల శిఖరాలను పక్కపక్కన పేర్చాలి. ప్రతి పొరా దారిలోని చర్మం, కండరం మీద తన వంతు మోతాదు కలుపుతుంది.

2. "ఆపై ఏమీ ఉండదు"

16 సెంటీమీటర్ల దారిలో దాదాపు సగం కార్బన్లు కేంద్రకాలను ఢీకొని ముక్కలవుతాయి. హైడ్రోజన్, హీలియం, బోరాన్ లాంటి ఆ ముక్కలు ఇంచుమించు పాత వేగంతోనే ముందుకు పోతాయి. ఒకే వేగం దగ్గర పరిధి (ఆగేలోపు వెళ్లే దూరం) ద్రవ్యరాశిని ఆవేశం వర్గంతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది: కార్బన్‌కు (ద్రవ్యరాశి 12, ఆవేశం 6) 12/36, ప్రోటాన్‌కు, అంటే హైడ్రోజన్ కేంద్రకానికి, 1. కాబట్టి ప్రోటాన్ ముక్క మూడు రెట్లు దూరం వెళ్లగలదు. శిఖరం వెనక తోక ఏర్పడేది ఇందుకే. ప్రోటాన్ చికిత్సలో ఇంత తోక లేదు.

3. "ఎంత బరువైతే అంత మేలు"

బరువు వల్ల పరిధిలో చెదురు (అయాన్లు ఆగే చోట్లలో తేడా) తగ్గే మాట నిజమే: అదే లోతుకు కార్బన్‌ది ప్రోటాన్ చెదురులో మూడో వంతుకన్నా తక్కువ. కానీ ఆవేశం పెరిగితే ప్రవేశంలోనే నష్టం ఎక్కువ, ముక్కలూ ఎక్కువ. అమెరికాలోని బర్కిలీ ల్యాబులో కార్బన్‌కన్నా బరువైన నియాన్, ఆర్గాన్ అయాన్లు కూడా వాడి చూశారు. 1994లో జపాన్‌లోని చిబాలో హైమాక్ (బరువైన అయాన్ల యాక్సిలరేటర్) చికిత్స మొదలుపెట్టింది కార్బన్‌తోనే.

4. "కణితిలోనే ఆగుతుంది"

ఎక్కడ ఆగేదీ సీటీ స్కాన్ నుంచి లెక్కగడతారు. ఆ లెక్కలో 3 శాతం తేడా వస్తే 15 సెంటీమీటర్ల లోతులో శిఖరం 4.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. టైటానియం ఇంప్లాంట్, గాలి నిండిన సైనస్ దారిలో ఉంటే తేడా ఇంకా పెరగొచ్చు. అందుకే కణితి వెనకాలే వెన్నుపాము ఉంటే, కిరణం సూటిగా దానివైపు వెళ్లి కణితి అంచున ఆగేలా కాకుండా పక్క కోణం నుంచి పంపడానికి చూస్తారు.