బెల్ కర్వ్ గారికి ఓ సగటు ఉద్యోగి విన్నపం

మహారాజశ్రీ బెల్ కర్వ్ గారి దివ్య సముఖానికి,

ఉద్యోగుల రేటింగుల్లో కొద్దిమందిని పైన, కొద్దిమందిని కింద, మిగతా అందరినీ మధ్యలోని మూపు మీద కూర్చోబెట్టే గంట ఆకారపు గీత తమరు. తమరి దయవల్ల ఈ ఏడాది కూడా 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్' (అంటే మధ్యరకం) అనిపించుకున్న ఉద్యోగి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మా మేనేజర్ని ఏమీ అనను. "నీ పనికి వంక పెట్టలేను, కానీ కర్వ్‌లో ఇమడాలి కదా" అన్నారు పాపం. టీమంతా ఎంత బాగా చేసినా ఇంతమంది పైన, ఇంతమంది కింద ఉండాలని ఏడాది మొదట్లోనే తమరు తేల్చేస్తారు. తీర్పు రాసిపెట్టుకుని వాదనలు వినే జడ్జి గారికున్నంత ఓపిక తమరిది. అందుకే కాబోలు, మా పనిని మేమే అంచనా వేసుకునే సెల్ఫ్ అప్రైజల్ కూడా మా చేత నింపిస్తారు.

తమరంటే గిట్టనివాళ్లు కొందరున్నారు. ఉద్యోగి తన జీతం ఒక్కటే చూసుకోడని, తన కష్టానికి వచ్చిన ఫలితాన్ని పక్కవాడి కష్టఫలాలతో పోల్చుకుంటాడని, తేడా కనిపిస్తే కష్టం తగ్గించుకుని లెక్క సరిచేస్తాడని సైకాలజిస్ట్ స్టేసీ ఆడమ్స్ 1963లోనే రాశాడు. మా ఫ్లోర్‌లో టైమ్ కాగానే లాప్‌టాప్‌లు టపటపా మూతపడేది ఆ లెక్క ప్రకారమే.

జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1990లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ఇబ్బందికరం. ఒకే కంపెనీకి చెందిన రెండు ఫ్యాక్టరీల్లో కొన్ని వారాలపాటు జీతాలు 15 శాతం కోశారు. ఒకచోట లెక్కలు చూపించి, అడిగినవాటికి జవాబులిచ్చి, నిజంగా నొచ్చుకుంటూ చెప్పారు. రెండోచోట ముక్తసరిగా చెప్పి పంపేశారు. దొంగతనాలు రెండుచోట్లా పెరిగాయి గానీ, రెండోచోట మరీ పెరిగాయి. ఉద్యోగం మానేసినవాళ్లూ అక్కడే ఎక్కువ. కోత ఒకటే, చెప్పిన తీరులోనే తేడా. నా బాధా అదే. రేటింగ్ తగ్గితే తగ్గింది, ఎందుకని అడుగుదామంటే తమరికి నోరు లేదు, నోరున్నవాళ్లేమో తమరిని చూపిస్తారు.

అలాగని నాకు కమిట్‌మెంట్ లేదనుకునేరు! మానేస్తే నష్టపోతాం కాబట్టి ఉండిపోవడాన్ని కూడా మేయర్, అలెన్ అనే పరిశోధకులు కమిట్‌మెంట్‌లో ఒక రకంగానే లెక్కేశారు. హోమ్ లోన్ తీరేదాకా నా విధేయతకు ఢోకా లేదు.

అన్నట్టు, 2013లో మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. ముందు తమరికీ పీఐపీ (పనితీరు మెరుగుపరుచుకోమని ఇచ్చే గడువు) ఇచ్చారా, నేరుగా రిలీవింగ్ లెటరేనా?

చివరగా చిన్న మనవి. వచ్చే ఏడాది నా రేటింగ్ ఎలాగూ సిద్ధమయ్యే ఉంటుంది. ఇప్పుడే మెయిల్ చేసేస్తే, ఏడాదంతా ఎంత పని చేస్తే సరిపోతుందో ప్లాన్ చేసుకుంటాను.

ఇట్లు,
తమరి మూపు మీద నివసించే ఉద్యోగి