రెండో కాపీ ఎక్కడుంది?

హైరెస్ పాటల (సీడీ కంటే ఎక్కువ వివరంతో ఉండే డిజిటల్ ఫైళ్ల) సంగతి ఎత్తగానే అందరూ అడిగేది ఒకటే. "అన్నా, ఏ డాక్ కొనమంటావు? 96 చాలా, 192 కావాలా?" డాక్ అంటే డిజిటల్ ఫైలుని వినే శబ్దంగా మార్చే పరికరం. 96, 192 అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలిచారో చెప్పే కిలోహెర్ట్జ్ అంకెలు. ఇంట్లో మ్యూజిక్ సర్వర్ పెట్టుకుని చాలా ఏళ్లయింది కాబట్టి నన్ను అడగడం సహజమే. కానీ పాటలున్న డిస్క్ రేపు పాడైతే ఏం చేయాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నా బాధంతా అదే.

నాన్న 1980ల్లో రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసుకున్న క్యాసెట్లు నలభై పైన ఉండేవి. ఎక్కువగా విజయవాడ కేంద్రం భక్తిరంజని, కొన్ని కచేరీలు. వాటిని 24 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మంగా ఉందో చెప్పే అంకె), 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి నాకు ఆరు నెలలు పట్టింది. క్యాసెట్‌తో తొందర పనికిరాదు. గంట టేపుకి గంట కూర్చోవాల్సిందే. అంతా ఎన్ఏఎస్‌లో, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టెలో, పెట్టాను. లోపల రెండు డిస్కులు, ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా మిర్రర్. ఇక భయం లేదనుకున్నాను.

2018 ఎండాకాలంలో ఓ రాత్రి కరెంటు పోతూ వస్తూ, పోతూ వస్తూ ఉంది. తెల్లారేసరికి పవర్ సప్లై కాలిపోయింది, రెండు డిస్కులూ కలిసి పోయాయి. డేటా తీసే షాపువాళ్లు కూడా చేతులెత్తేశారు. సరే, మళ్లీ ఎక్కిద్దామని క్యాసెట్ల పెట్టె తెరిస్తే, తొమ్మిది క్యాసెట్లలో టేపు బూజు పట్టి అతుక్కుపోయి ఉంది. ఆ తొమ్మిదీ ఇక లేవు.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మిర్రర్ బ్యాకప్ కాదు. ఒక డిస్క్ చెడిపోతే అది కాపాడుతుంది, అంతే. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింటిలోనూ అదే క్షణంలో పోతుంది. దొంగ పెట్టెనే ఎత్తుకెళ్తే రెండూ వెళ్తాయి. ఇప్పుడు నా దగ్గర ఎన్ఏఎస్ కాక రెండు విడి డిస్కులున్నాయి. ఒకటి బీరువాలో, ఇంకొకటి గుంటూరులో మా అక్క ఇంట్లో. పండక్కి వెళ్లినప్పుడల్లా దాన్ని మార్చి వస్తాను. ఎన్ఏఎస్‌కి యూపీఎస్ కూడా తగిలించాను. బ్యాటరీ తగ్గుతుంటే అది యూఎస్‌బీ వైరు ద్వారా చెబుతుంది, ఎన్ఏఎస్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది.

ఇక ఆ అంకెల గొడవ. సీడీ అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. మనిషి చెవికి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వినిపిస్తుంది, సీడీ తన 44.1లో సగం, అంటే 22 దాకా పట్టుకుంటుంది. వినడానికి అది చాలు అన్నది నా అభిప్రాయం. క్యాసెట్‌లో వెనక వినిపించే 'స్స్' అనే హిస్ శబ్దం 16 బిట్ల పరిధిలోనే హాయిగా ఇమిడిపోతుంది. మరి నేను 24 బిట్ ఎందుకు వాడానంటే, రికార్డింగ్ లెవెల్ కాస్త తగ్గించి పెట్టుకోవచ్చు, మృదంగం మీద గట్టి దెబ్బ పడినా శబ్దం పగలదు. అసలు రికార్డింగ్, మాస్టరింగ్ బాగుంటే సీడీ నాణ్యతలోనే ప్రాణం లేచొస్తుంది. పాత ఎంపీ3ని 192 ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫైలు ఫార్మాట్) మార్చి పంచేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పోయిన శబ్దం తిరిగి రాదు, ఫైలు మాత్రం లావవుతుంది. అనుమానం వస్తే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీ దాకా శబ్దం ఉందో చూపే బొమ్మ) తెరవండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే దాదాపుగా అది ఎంపీ3 నుంచి వచ్చిందే.

ఫార్మాట్ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, ఫ్లాక్. 2001 నుంచీ ఉంది, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు, శబ్దంలో ఒక్క బిట్ కూడా పోదు. ఇంకో గొప్ప సంగతి, ప్రతి ఫైలులోనూ అసలు శబ్దం తాలూకు చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే వేలిముద్ర లాంటి అంకె) ఉంటుంది. మూడు నెలలకోసారి టెస్ట్ నడిపితే ఏ ఫైలు చెడిందో పేరుతో సహా తెలిసిపోతుంది. 24/96లో గంట శబ్దం దాదాపు 2 జీబీ. ఫ్లాక్ చేస్తే ఇంకా తగ్గుతుంది. నాన్న క్యాసెట్లన్నీ కలిపి 1 టీబీ డిస్క్‌లో ఓ మూలకి వస్తాయి.

నెట్‌వర్క్ గురించి అంత టెన్షన్ వద్దు. 24/192 స్టీరియో కుదించకపోయినా సెకనుకి 9.2 మెగాబిట్లే. మామూలు వైఫై మోస్తుంది. అపార్ట్‌మెంట్లలో పాట ఆగి ఆగి వస్తోందంటే చాలాసార్లు కారణం పక్క ఫ్లాట్ల 2.4 గిగాహెర్ట్జ్ రద్దీ, మధ్యలో గోడలు. హాల్లో ప్లేయర్ దాకా మామూలు క్యాట్ 6 వైరు లాగండి, తీరిపోతుంది. వేలు పోసి "ఆడియో" ఈథర్నెట్ కేబుల్ కొనకండి, ఆ డబ్బుతో రెండో డిస్క్ కొనండి. ప్లేయర్ కొనే ముందు మాత్రం గ్యాప్‌లెస్ (ఒక ట్రాక్ నుంచి ఇంకో ట్రాక్‌కి మధ్యలో ఖాళీ లేకుండా వెళ్లడం) ఉందో లేదో చూడండి. తానం ముగిసి పల్లవి అందుకునే చోట అర సెకను నిశ్శబ్దం వస్తే నాకు మనసంతా చివుక్కుమంటుంది.

పేర్లు రాసుకోవడం విసుగు పనే, కానీ అది మానకండి. సినిమా పాటల కోసం తయారైన యాప్‌లకి "ఆర్టిస్ట్", "ఆల్బమ్" తప్ప తెలియదు. మనకి రాగం, తాళం, వాగ్గేయకారుడు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, అన్నీ కావాలి. ఫ్లాక్‌లో మనకి నచ్చిన ఫీల్డులు చేర్చుకోవచ్చు. ఫీల్డు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి, లోపల రాసేది తెలుగులో పెట్టుకోవచ్చు. మా అమ్మ ఫోన్లో "మోహన" అని తెలుగులో కొట్టి ఆ రాగం కీర్తనలన్నీ వింటుంది. నెలనెలా డబ్బు కట్టిన ఏ యాప్‌లోనూ ఆమెకి ఇది దొరకలేదు. పైగా ఒకదానిలో ఆమె రోజూ పొద్దున్నే వినే ఆల్బమ్ ఓ రోజు చెప్పాపెట్టకుండా మాయమైంది.

పోయిన తొమ్మిది క్యాసెట్ల అట్టలు ఇంకా దాచుకున్నాను. వాటి మీద నాన్న చేతిరాతలో తేదీలున్నాయి. 1983 నుంచి 1987 మధ్య విజయవాడ రేడియోలో పొద్దున్నే వచ్చినవి మీ ఇంట్లో ఎవరైనా రికార్డు చేసి ఉంటే, అటకమీద పెట్టె ఒకసారి దింపి చూడండి. ప్లే చేయకండి, టేపు అతుక్కుని ఉంటే తెగిపోతుంది. నాకు మెసేజ్ పెట్టండి. డెక్ నా దగ్గరుంది, నేనే వచ్చి ఎక్కించి, మీకో కాపీ ఇచ్చి వెళ్తాను.