నైట్ల కత్తి పదిహేను కిలోలా?

"యూరప్ నైట్ల కత్తులు 10, 15 కిలోలు ఉండేవి. పదునుండేది కాదు, దుడ్డుకర్రల్లా బాదేవాళ్లు. మధ్యలో గాడి రక్తం కారిపోవడానికి. జపాన్ కటానా ముందు అవి ఉత్త ఇనుప ముక్కలు." ఈ పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నైట్లంటే మధ్యయుగాల యూరప్‌లో కవచం తొడిగి, గుర్రమెక్కి పోరాడిన యోధులు. ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు బరువు సంగతి. మ్యూజియాల్లోని అసలు కత్తుల్ని తూచి చూస్తే, ఒంటిచేత్తో వాడే నైటు కత్తి మామూలుగా 1.1 నుంచి 1.4 కిలోలు. నిండు లీటరు నీళ్ల సీసా కంటే కాస్త ఎక్కువ, అంతే. నైట్లు రెండు చేతులా పట్టే పొడవాటి కత్తి (లాంగ్‌స్వోర్డ్) కూడా చాలావరకు 2 కిలోలు దాటదు. పైగా పిడి చివరనుండే లోహపు గుండు బరువును చేతి వైపు లాగుతుంది, మొన వైపు పోయేకొద్దీ అలుగు (పిడి పోగా మిగిలిన కోసే భాగం) పల్చబడుతుంది. అందుకే కత్తిని చటుక్కున తిప్పి, వేటును మధ్యలోనే ఆపగలిగేవారు. నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్ మ్యూజియంలో 16వ శతాబ్దపు తిరుగుబాటు నాయకుడు పియర్ గెర్లోఫ్స్ డోనియాదని చెప్పే కత్తి ఉంది. పొడవు 2.13 మీటర్లు. అంత భారీ కత్తి బరువే 6.6 కిలోలు! ఊరేగింపుల కోసం చేసినవీ, 19వ శతాబ్దంలో గోడకు తగిలించడానికి చేసిన నకళ్లూ చూసి జనం లెక్కలు కట్టేశారు.

గాడి విషయానికొస్తే, నడుమ లోహం తగ్గితే వెడల్పు తగ్గకుండానే కత్తి తేలికవుతుంది, బిగువు పెద్దగా పోదు. రక్తం కోసమే అయితే పొడిచే కత్తులకు గాడి తప్పనిసరిగా ఉండాలి కదా! ఉన్నది తలకిందులుగా. 11, 12 శతాబ్దాల నాటి నరికే కత్తులకు వెడల్పాటి గాడి ఉంటుంది. 14వ శతాబ్దంలో కవచం సందుల్లో పొడవడానికి వచ్చిన సూదిమొన కత్తుల్లో చాలావాటికి గాడే లేదు, నడిమి వెన్నుతో గట్టిగా ఉంటాయి. కత్తులను వర్గీకరించిన ఓక్‌షాట్ వీటిని పదిహేనో రకం అన్నాడు.

కటానా బరువూ దాదాపు ఇంతే, కిలో నుంచి కిలోంబావు.

ఇక పదును. 1361లో స్వీడన్ దగ్గరి గోట్లాండ్ దీవిలో, విస్బీ ఊరి బయట డెన్మార్క్ సైన్యం రైతులను ఊచకోత కోసింది. అక్కడి సామూహిక సమాధుల్లో మోకాలి కింది ఎముకల మీద నునుపైన కోతలు కనిపిస్తాయి. దుడ్డుతో బాదితే ఎముక నలుగుతుంది, ఇలా తెగదు.

బాదడం అసలే లేదని కాదు. 15వ శతాబ్దంలో నిలువెల్లా ఉక్కు పలకలు తొడిగినవాడి మీద అంచు పనిచేయదు. అప్పుడు అలుగునే రెండు చేతులా పట్టుకుని పిడితో తల మీద మోదేవాళ్లు. ఒక చెయ్యి అలుగు నడుమ వేసి, చంక సందులో మొనను గుచ్చేవాళ్లు. ఇటలీ కత్తిసాము గురువు ఫియోరె దెయ్ లిబెరి 1410 ప్రాంతంలో ఈ పట్లు బొమ్మలతో సహా చూపించాడు. అలా మోదింది కవచం వల్లే తప్ప, కత్తి మొద్దుబారి కాదు.